ఆటస్థలంలో పండుగ నమాజు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఫుట్‌బాల్ గురించి ప్రసంగిస్తామని మేము తెలిపినప్పుడు నిర్వాహకులలో ఒకరిద్దరు సందేహించారు. వక్ఫ్ భూములున్నాయి, ఉపకార వేతనాలున్నాయి, ఉద్యోగాలున్నాయి, ఇన్ని గంభీరమైన సమస్యలుండగా బంతాట ముచ్చట దేనికన్నది వారి అభిప్రాయం. వారి సందేహం న్యాయమైనదే. అయినా మేము మాట మార్చుకోలేదు. కారణం పోయిన రంజాన్ పండుగనాడు మా వీధిలో జరిగిన ఒక చిన్న సంఘటన.

ఆనాడు నమాజు ముగిసింది. ఆలింగనాలు, ముబారకులు, షీర్ ఖుర్మాలు అయ్యాయి. కొత్త బట్టలు నలగక ముందే పిల్లలు పదిమంది బంతి పట్టుకుని దగ్గరలోని ఆటస్థలానికి వెళ్ళారు. అరగంటకే తిరిగి వచ్చారు. గేటుకు తాళం వేసి ఉందట. గోడ పక్క నిలబడిన ఒక పెద్దమనిషి, “ఇవాళ మీవాళ్ళ పండుగ కదా, మీ చోటికి వెళ్ళి ఆడుకోండి” అన్నాడట. ఆ మాటలో తిట్టు లేదు. పైకి చూస్తే కోపం కూడా లేదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు మమ్మల్ని అడిగాడు: “మన చోటు ఎక్కడుంది, చాచా?” మేము వాడి చేతిలో ఈదీ నోటు పెట్టి మాట దాటవేశాము. పెద్దలమైన మేము అంతకంటే చేయగలిగినది ఆ పూట మాకు తోచలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే మాకు దొరికినది మన దేశంలో కాదు. ఇంగ్లండులోని ఒక పాత మిల్లు పట్టణంలో, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పచ్చిక మీద దొరికింది. దానిని మీ ముందు పెట్టడానికే ఈ ప్రసంగం.

ఇంగ్లండు వాయవ్య భాగాన లాంకషైర్ ప్రాంతంలో బ్లాక్‌బర్న్ అనే పట్టణం ఉంది. మన తాతలకు ఆ పట్టణం పేరు తెలియకపోవచ్చు గాని దాని బట్ట తెలుసు. మన నేతగాళ్ళ మగ్గాలను మూలకు నెట్టిన మిల్లు వస్త్రంలో లాంకషైర్ వాటా పెద్దది. మన దేశానికి ఎగుమతి చేసే ధోవతులు నేయడంలో బ్లాక్‌బర్న్ ప్రత్యేకించి పేరు పొందింది. విదేశీ వస్త్ర బహిష్కారం వలన పనులు కోల్పోయిన అక్కడి కార్మికులను చూడడానికి 1931 సెప్టెంబరులో గాంధీజీ స్వయంగా ఆ పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్ళారు. పనులు పోయిన ఆ కార్మికులే ఆయనను ప్రేమగా పలకరించారు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత అవే మిల్లులలో రాత్రి షిఫ్టులకు మనుషులు చాలకపోయినప్పుడు గుజరాత్ నుంచి, పాకిస్తాన్ నుంచి ముస్లింలు అక్కడికి వెళ్ళారు. కొంతకాలానికి మిల్లులు మూతపడ్డాయి. వచ్చిన మనుషులు మాత్రం అక్కడే ఉండిపోయారు, వారి పిల్లలు అక్కడే పుట్టారు. 2021 జనగణన ప్రకారం బ్లాక్‌బర్న్, డార్వెన్‌లు కలిసిన ఆ పాలక ప్రాంతంలో నూటికి 35 మంది ముస్లింలు.

ఆ ఊరి క్లబ్బు పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్. 1875లో పుట్టింది. 1888లో ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగును ఆరంభించిన 12 క్లబ్బులలో అది ఒకటి. 1890 నుంచి దాని మైదానం ఈవుడ్ పార్కు. 31 వేల మందికి పైగా కూర్చోగల స్టేడియం. 1994-95లో ఆ చిన్న పట్టణం మాంచెస్టర్ వంటి మహానగరాల జట్లను దాటి ప్రీమియర్ లీగు గెలిచింది.

ఇప్పుడు విచిత్రం గమనించండి. ఊరిలో మూడోవంతుకు మించి ముస్లింలు. స్టేడియం చుట్టూ వారి ఇళ్ళు, వారి మసీదులు. శనివారం మధ్యాహ్నం గోలు పడితే ఆ కేక వారి వంటిళ్ళలోకి వినిపిస్తుంది. అయినా ఎన్నో ఏళ్ళపాటు ఆ గోడ లోపలికి వెళ్ళిన ముస్లిం పిల్లలు బహు తక్కువ. అందుకు కారణాలు వెతకనక్కరలేదు. 1970లు, 80లలో ఇంగ్లండు స్టేడియం మెట్లపై జాత్యహంకార నినాదాలు సర్వసాధారణం. మ్యాచ్ రోజున నల్లని, గోధుమరంగు తల్లిదండ్రులు పిల్లలను వీధిలోకి పంపేవారు కారు. 2002లో బ్లాక్‌బర్న్‌లోని మిల్ హిల్ వార్డు ఉపఎన్నికలో బహిరంగంగా వలసదారులను వ్యతిరేకించే బ్రిటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి గెలిచాడు. 2007లో ఒకసారి, 2018లో మరోసారి బి.బి.సి. పనోరమా బృందం ఆ ఊరికి వెళ్ళి, తెల్లవారు ఒకవైపు, ఆసియావారు మరొకవైపు ఎలా వేరువేరుగా బ్రతుకుతున్నారో చిత్రించింది. ఒకే ఊరిలో రెండు ఊళ్ళు. హైదరాబాదు, గుంటూరు, కర్నూలు, నిజామాబాదు, ఏ ఊరి నుంచి వచ్చినవారికైనా ఈ మాట వివరించి చెప్పే అవసరం మాకు కనబడదు.

అలాంటి ఊరిలో 2022 మే 2వ తేదీ, సోమవారం, ఈదుల్ ఫితర్ ఉదయాన ఈవుడ్ పార్కు గేట్లు తెరుచుకున్నాయి. క్లబ్బు స్వయంగా ఊరి ముస్లింలను పిలిచింది. పచ్చికను కాపాడే ఏర్పాట్లు చేసి, దాని మీద నమాజుకు వరుసలు తీర్చింది. మగవారు వచ్చారు, ఆడవారు వచ్చారు, చంకన పసిపిల్లలతో, చేయి పట్టుకున్న పెద్దపిల్లలతో ఎన్నో కుటుంబాలు వచ్చాయి. గోల్ స్తంభాలకు దగ్గరగా జానమాజులు పరిచి తక్బీరులు చెప్పారు. తన మైదానపు పచ్చిక మీద ఈద్ నమాజు జరిపించిన మొట్టమొదటి బ్రిటిష్ ఫుట్‌బాల్ క్లబ్బుగా రోవర్స్ పేరు నిలిచింది.

ఫుట్‌బాల్ మైదానపు పచ్చిక అంటే ఏమిటో ఆట తెలియని పెద్దలకు చెప్పాలి. అది ఆ క్లబ్బుకు ప్రాణం. ఆటగాళ్ళు తప్ప మరెవరైనా దానిపై కాలు పెడితే సిబ్బంది పరుగున వచ్చి బయటకు నడిపిస్తారు, కొన్నిసార్లు పోలీసు కేసు కూడా అవుతుంది. ఏడాది పొడవునా టికెట్టు కొన్న అభిమాని కూడా దాన్ని దూరం నుంచి చూడవలసినదే. అలాంటి పచ్చిక మీద ఒక టాక్సీ డ్రైవరు కొడుకు, ఒక కూరగాయల దుకాణదారుని కూతురు నుదురు ఆనించారు. పెద్దలకు అది రెండు రకాతుల నమాజు. పిల్లలకు అంతకు మించినదేదో అని మా నమ్మకం. నమాజు ముగియగానే పిల్లల చూపు ఖుత్బా మీద నిలిచి ఉంటుందని మాత్రం మేము హామీ ఇవ్వలేము. తమ అభిమాన ఆటగాడు నిలబడి పెనాల్టీ కొట్టే చోటు ఏదో వారు వెతుక్కుని ఉంటారు. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

హదీసు గ్రంథాలలో ఉన్న ఒక సంఘటన ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. ఒక ఈద్ రోజున మదీనా మసీదులో అబిసీనియావారు బల్లేలతో ఆట ప్రదర్శిస్తుంటే, చిన్నవయసులో ఉన్న హజ్రత్ ఆయిషా తనివితీరా చూసేవరకు ప్రవక్త, వారిపై శాంతి కలుగుగాక, ఆమెకు అడ్డుగా నిలబడి చూపించారు. అప్పుడు మసీదులోకి ఆట వచ్చింది. బ్లాక్‌బర్న్‌లో ఆటస్థలంలోకి నమాజు వచ్చింది. ఈ రెంటికీ మధ్య సుమారు పద్నాలుగు శతాబ్దాల కాలం ఉన్నా, రెండూ పండుగ నాటివే, రెండు చోట్లా చిన్నవారి సంతోషానికి పెద్దలు చోటు ఇచ్చారు.

ఈ కథలో మన తెలుగువారికి ఒక బంధుత్వం ఉంది. 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు కొన్నది వెంకీస్ సంస్థ. దాని మూలసంస్థ వెంకటేశ్వర హాచరీస్‌ను 1971లో హైదరాబాదులో స్థాపించినవారు బండా వాసుదేవరావు గారు. మన ఇళ్ళలో వండే కోడిగుడ్డు వెనుక ఆయన కృషి ఎంతో ఉంది. తర్వాత సంస్థ పూణేలో స్థిరపడింది, ఆయన సంతానమే ఇప్పటి యజమానులు. అక్కడి అభిమానులకు ఈ యజమానులంటే బొత్తిగా గిట్టదు. 2012లో జట్టు ప్రీమియర్ లీగు నుంచి జారిపోయిన మ్యాచ్‌లో క్లబ్బు జెండా కప్పిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. 2017లో జట్టు మూడో శ్రేణికి దిగిపోయింది, మరుసటి ఏడాది పైకి వచ్చింది. యజమానులపై కోపం ఈనాటికీ చల్లారలేదు. ఈద్ నమాజు ఆలోచన యజమానులదని మేము చెప్పడం లేదు. క్లబ్బులో ఊరి జనంతో సంబంధాలు చూసే సిబ్బంది, స్థానిక ముస్లింలు కలిసి చేసిన పని అది. తెలుగు మూలాలున్న హిందూ కుటుంబం యజమానిగా, క్రైస్తవ సంప్రదాయం గల దేశంలో, మిల్లు కూలీల మనుమలు ఈద్ జరుపుకున్నారన్నది మాత్రం నిజం. ఇందులో ఎవరి మతమూ చెడిపోలేదు. పచ్చిక కూడా చెడిపోలేదు.

క్లబ్బులకు ఇలాంటి మనసు మతం విషయంలోనే కలుగుతుందని అనుకోరాదు. ముస్లింలకు సంబంధం లేని ఒక ఉదంతం కూడా మీకు చెప్పి తీరాలి. ఇంగ్లండు ఈశాన్యాన సండర్లాండ్ క్లబ్బుకు బ్రాడ్లీ లోరీ అనే చిన్న అభిమాని ఉండేవాడు. న్యూరోబ్లాస్టోమా అనే అరుదైన క్యాన్సర్ వాడిని పట్టుకుంది. 2016 సెప్టెంబరులో సండర్లాండ్ ఎవర్టన్‌తో ఆడినప్పుడు వాడు జట్టుతో కలిసి మైదానంలోకి నడిచాడు. ఆనాడే ఎదుటి జట్టు ఎవర్టన్, వాడి చికిత్స నిధికి 2 లక్షల పౌండ్లు ఇచ్చింది. తన అభిమాని కాని పిల్లవానికి, తాను ఓడించడానికి వచ్చిన జట్టు అభిమానికి ఇచ్చింది. డిసెంబరులో చెల్సీతో మ్యాచ్ ఆరంభానికి ముందు ఆ అయిదేళ్ళవాడి చేత పెనాల్టీ కొట్టించారు. చెల్సీ గోల్‌కీపర్ ఆస్మిర్ బెగోవిచ్ కావాలని తప్పు వైపు దూకాడు. బెగోవిచ్ స్వయంగా నాలుగేళ్ళ వయసులో బోస్నియా విడిచి జర్మనీకి, అక్కడి నుంచి కెనడాకు వెళ్ళిన కుటుంబం బిడ్డ. ఆ గోలును బి.బి.సి. ఆ నెల ఉత్తమ గోలుగా మరొక గోలుతో పాటు ప్రకటించింది.

సండర్లాండ్ ఆటగాడు జెర్మైన్ డెఫో ఆ పిల్లవానితో స్నేహం చేశాడు. ఫోటోలు తీసుకుని వెళ్ళిపోలేదు. ఆసుపత్రికి వెళ్ళి వాడి మంచంపై పక్కన పడుకుని కబుర్లు చెప్పేవాడు. 2017 మార్చిలో వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండు జట్టు తరఫున ఆడడానికి వస్తూ వాడి చేయి పట్టుకుని నడిపించాడు. బ్రాడ్లీ 2017 జూలై 7న మరణించాడు. అప్పటికి వాడికి ఆరేళ్ళు. అంత్యక్రియలకు వచ్చినవారు నల్లబట్టలకు బదులు వేర్వేరు జట్ల చొక్కాలు వేసుకుని వచ్చారు.

2023లో షెఫీల్డ్ వెన్స్‌డే మైదానంలో ఆ జట్టు అభిమాని ఒకడు, ఎదుట కూర్చున్న సండర్లాండ్ వారిని ఏడిపించడానికి చనిపోయిన ఆ పిల్లవాని బొమ్మ చూపి నవ్వాడు. పోలీసులు పట్టుకున్నారు, కోర్టు శిక్ష వేసింది, అయిదేళ్ళు స్టేడియం గడప తొక్కరాదని ఆజ్ఞాపించింది. అంతటితో ఆగలేదు. ఆ మనిషి సొంత జట్టు అభిమానులే సిగ్గుపడి, బ్రాడ్లీ పేర నడిచే సంస్థకు విరాళాలు పోగుచేశారు. మనలో ఒకడు తప్పు చేస్తే మనమే ముందుగా నిలబడి తప్పు అనడం, నష్టపోయినవారి గడప వరకు వెళ్ళడం ఎలా ఉంటుందో అది చూపింది.

ఇక మళ్ళీ మన విషయానికి. 2021 ఏప్రిల్ 26న లెస్టర్‌లో లెస్టర్ సిటీ, క్రిస్టల్ ప్యాలెస్ జట్లు ఆడుతున్నాయి. రంజాన్ నెల. కోవిడ్ వలన ప్రేక్షకులు లేరు. లెస్టర్ తరఫున ఆడుతున్న 20 ఏళ్ళ వెస్లీ ఫొఫానా, ప్యాలెస్ ఆటగాడు షేఖూ కుయాతే ఉపవాసంతో ఉన్నారు. సూర్యాస్తమయం అయింది. ప్యాలెస్ గోల్‌కీపర్ విసెంటే గ్వైటా గోల్ కిక్ కొట్టకుండా కొద్ది క్షణాలు ఆగాడు. ఆ వ్యవధిలో వారిద్దరూ ఉపవాసం విరమించారు. మొత్తం ఒక నిమిషం కూడా కాలేదు. అది చాలునని, అదీ ఎదుటి జట్టు గోల్‌కీపర్ ఇచ్చాడని ఫొఫానా తర్వాత బహిరంగంగా కృతజ్ఞతలు తెలిపాడు. 2023 నుంచి ఇంగ్లండులో రంజాన్ నెలలో ఇలా ఆట ఆపడానికి అంపైర్లకు, వారి పరిభాషలో రిఫరీలకు, ముందుగానే సూచనలు అందాయి. అదే ఏడాది మార్చి 26న చెల్సీ క్లబ్బు స్టాంఫర్డ్ బ్రిడ్జ్ మైదానం అంచున రంజాన్ టెంట్ ప్రాజెక్టు వారితో కలిసి ఇఫ్తార్ ఏర్పాటు చేసింది. ప్రీమియర్ లీగు క్లబ్బులలో అది మొదటిది.

అదే వసంతంలో ఇంగ్లిష్ ఛానెల్‌కు ఆవలి ఒడ్డున ఏమి జరిగిందో కూడా చెప్పాలి. ఫ్రాన్సు ఫుట్‌బాల్ సమాఖ్య, ఉపవాసం విడవడానికి ఆట ఆపరాదని తన రిఫరీలకు ఆదేశాలు పంపింది. జూన్ నెలలో ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, మ్యాచ్‌లలో హిజాబు ధరించరాదన్న సమాఖ్య నిబంధనను సమర్థించింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2014లోనే హిజాబును అనుమతించింది. 2023 జూలై 30న మొరాకో క్రీడాకారిణి నుహైలా బెంజీనా మహిళల ప్రపంచకప్‌లో హిజాబుతో ఆడింది. ఆస్ట్రేలియా మైదానంలో చెల్లిన తలగుడ్డ పారిస్ పేటలోని చిన్న క్లబ్బు మ్యాచ్‌లో చెల్లలేదు. ఆట అదే, బంతి అదే, నిబంధన రాసిన చేయి వేరు.

దీనికంటే చేదు ఉదాహరణ 2013 నాటి బైతార్ జెరూసలేం క్లబ్బు. అది ఇద్దరు చెచెన్ ముస్లిం ఆటగాళ్ళను తెచ్చుకుంటే ఆ క్లబ్బు అభిమానులే కార్యాలయానికి నిప్పు పెట్టారు. వారిలో ఒకడు గోలు కొట్టినప్పుడు వందలమంది లేచి స్టేడియం విడిచి వెళ్ళారు. తమ జట్టు గోలుకే! ఆ మెట్లపై తండ్రి పక్కన కూర్చున్న పిల్లలు ఆనాడు ఏమి నేర్చుకున్నారో ఊహించుకోండి.

ద్వేషం నేర్పగలిగిన మెట్లే మమత కూడా నేర్పగలవు. మొహమ్మద్ సలాహ్ 2017లో లివర్‌పూల్‌కు వచ్చి, గోలు కొట్టిన ప్రతిసారీ సజ్దా చేసిన సంగతి మీ పిల్లలు మాకంటే బాగా చెబుతారు. పరిశోధకులు కొందరు ఆ విషయాన్ని లెక్కగట్టి 2021లో ఒక ప్రసిద్ధ రాజనీతిశాస్త్ర పత్రికలో ప్రచురించారు. అతడు చేరిన తర్వాత లివర్‌పూల్ ఉన్న మెర్సీసైడ్ ప్రాంతంలో ద్వేష నేరాలు అంతకు ముందు అంచనాతో పోలిస్తే 16 శాతం తగ్గాయనీ, ఆ క్లబ్బు అభిమానులు ముస్లింలపై పెట్టే దూషణల ట్వీట్లు సగానికి పడిపోయాయనీ తేలింది. ఈ లెక్కను మేము అతిగా పట్టుకోము. గోలు కొట్టే ముస్లింకే గౌరవం, కొట్టని ముస్లిం ఏమి కావాలి అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. అదే లివర్‌పూల్ మైదానంలో 2015లో ఇద్దరు ముస్లిం అభిమానులు విరామ సమయంలో మెట్ల మూల నమాజు చేసుకుంటే, ఒకడు ఫోటో తీసి అవమానకరమైన మాటతో ట్విట్టరులో పెట్టాడు. ఆ రోజు ఎదుటి జట్టు ఏదనుకుంటున్నారు? బ్లాక్‌బర్న్ రోవర్స్. క్లబ్బు ఆ పనిని ఖండించింది. ఆ ఇద్దరూ గోలు కొట్టినవారు కారు, టికెట్టు కొన్నవారు. బ్లాక్‌బర్న్ ఈద్‌ను మేము సలాహ్ గోళ్ళకంటే పైన పెట్టడానికి కారణం ఇదే. అక్కడ పిల్లలు తమ విలువ నిరూపించుకోవలసిన అవసరం రాలేదు. ఆ ఊరివారు కావడం ఒక్కటే సరిపోయింది.

“ఇవన్నీ పరాయి దేశపు కబుర్లు” అని గొణిగే పెద్దలు ఇక్కడ ఉన్నారు. వారి కోసం హైదరాబాదుకు వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆ ఫైనల్ నాటికే క్యాన్సర్ ఆయనను తినివేస్తున్నది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఆ జకార్తా జట్టులో తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన నిరుపేద కుటుంబపు పిల్లవాడు. బూట్లు కొనలేక, పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాని చేత బూట్లు చేయించుకుని ఆడినవాడు. రహీం సాహెబు అతని ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ రావడానికి డబ్బు లేదని అతడు చెబితే సైకిలు అద్దెకు తన జేబు నుంచి ఇచ్చారు. బలరాం పెద్దవాడై, దేశానికి పేరు తెచ్చి, 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో కన్నుమూసేవరకు రహీం సాహెబును గురువుగా తలుచుకుంటూనే ఉన్నాడు. సైకిలు అద్దె ఇచ్చినప్పుడు రహీం సాహెబు ఆ పిల్లవాని మతం అడగలేదు. బ్లాక్‌బర్న్ వారి వద్ద మనం కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు, ఒకప్పుడు మన ఇంట్లో ఉన్నదే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఇతరులు గేటుకు తాళం వేశారని మేము ఆరంభంలో ఫిర్యాదు చేశాము. మన చేతిలో ఉన్న తాళాల మాట ఏమిటి? జుమా రోజున వెనుక వరుసలో ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వితే సలాం తిప్పగానే వారిని చెవి పట్టి బయటకు పంపే పెద్దలు ఏ మసీదులో లేరు? పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి కలత చెందుతుందని ప్రవక్త తమ నమాజును కుదించేవారని మిన్బరుపై చెబుతాము, క్రింద మాత్రం తల్లికి చోటే ఉంచము. ఈద్గాహ్ చుట్టూ ఖాళీ స్థలం ఉన్న ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. ఏడాదికి రెండు పూటలు నమాజు, మిగిలిన రోజులు ముళ్ళతుప్పలు, అవకాశం చూసి ఆక్రమణలు. అక్కడ సాయంత్రం పిల్లలు బంతి ఆడితే ఈద్గాహ్ పవిత్రత పోతుందని వాదించే కమిటీ సభ్యులను మేము కలిశాము. ఆక్రమణదారుని కట్టడంతో పోని పవిత్రత పిల్లవాని బంతితో పోతుందా అని అడిగితే జవాబు రాలేదు.

ఇక ఆడపిల్లలు. మా వీధిలో మగపిల్లలను గేటు వద్ద ఎవరో ఆపారు. ఆడపిల్లలను ఎవరూ ఆపలేదు, ఎందుకంటే వారు గేటు వరకు వెళ్ళనే లేదు. బెంజీనా ఫోటో చూసి మురిసిపోయి వాట్సాపులో పంచుకున్న తండ్రులలో ఎందరు తమ కూతురికి ఒక బంతి కొనిచ్చారో చేతులెత్తమని అడిగే ధైర్యం మాకు లేదు, ఎందుకంటే మా చేయి కూడా లేవదు.

మేము ఇక్కడికి వచ్చేముందు చిన్న పని చేశాము. పురపాలక అధికారులకు ఒక అర్జీ తయారుచేశాము. అందులో మూడే కోరికలు ఉన్నాయి. రెండు ఈద్‌లనాడు ఉదయం నమాజుకు, ఆ తర్వాత ఆటకు మైదానం తెరిచి ఉంచాలి. ఊగాది, సంక్రాంతి, క్రిస్మస్ నాడు కూడా అదే విధంగా అన్ని వీధుల పిల్లలకూ తెరిచి ఉంచాలి. వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లలకు కేటాయించాలి. మైదానం పక్క వీధిలో ఉండే ముస్లిమేతర కుటుంబాల వద్దకు వెళ్ళి అర్జీ చూపించాము. పదకొండు మంది సంతకాలు చేశారు. ఇద్దరు చేయమన్నారు. ఆనాడు గోడ పక్క నిలబడి మా పిల్లలను తిప్పి పంపిన పెద్దమనిషి అర్జీ పూర్తిగా చదివి, రెండవ కోరికలో సంక్రాంతి నాడు ముగ్గుల పోటీకి కూడా చోటు రాయమన్నాడు. రాశాము. అప్పుడు సంతకం చేశాడు.

రెండో అర్జీ మన ఈద్గాహ్ కమిటీకి. తుప్పలు కొట్టించి సాయంత్రాలు పిల్లలను ఆడనివ్వమని. దానిపై ఇంతవరకు మా సంతకాలు తప్ప మరేవీ లేవు. రెండు కాగితాలూ తలుపు పక్క బల్లపై ఉన్నాయి, పెన్ను దారంతో కట్టి ఉంది. వెళ్ళేటప్పుడు చూడండి. పిల్లలు కూడా సంతకం చేయవచ్చు, మొదటి గీత వారి కోసమే ఖాళీగా ఉంచాము.